తపస్సుకాలపు బృందగానము

క్రైస్తవ సంవత్సరమున ఈస్టరు పండుగకు ముందు వచ్చు ఉపవాసకాలమునకు లాటిను భాషలో క్వాద్రగేసిమా అని పేరు. నలుబదియవది అని దాని యర్థము. ఇంగ్లీషువారు దీనిని లెంటు అందురు. తెలుగునాట కతోలికులు తపస్సుకాలమనియు, ప్రొటెస్టంటు సంఘములవారు శ్రమకాలమనియు వ్యవహరింతురు. భస్మబుధవారముతో ఆరంభమై ఈస్టరుకు ముందటి శనివారముతో ముగియు ఈ కాలమును దినముల వారీగా లెక్కించినచో 46 దినములు వచ్చును. ఆదివారములు ఉపవాసదినములు కావు గనుక ఆ ఆరింటిని తీసివేయగా 40 మిగులును. ఆహారమున తగ్గింపు, అలంకారమున తగ్గింపు, వేడుకలలో తగ్గింపు ఈ కాలమునకు లక్షణములు. దేవాలయ సంగీతమునకును ఈ నియమము వర్తించును.

రోమను కతోలిక సంప్రదాయమున ఈ దినములలో అల్లెలూయ పాడరు. ఆదివారపు పూజలో మహిమగీతమును విడిచిపెట్టుదురు. ఆర్గను మొదలగు వాద్యములు గానమునకు ఆసరాగా మాత్రమే మ్రోగవలెనని విధి. కాలము నడిమి భాగమున వచ్చు నాలుగవ ఆదివారమునకును, మహోత్సవములకును, పండుగలకును మాత్రము ఈ విధినుండి మినహాయింపు కలదు. జర్మనీలోని లైప్‌జిగ్ నగరము ఆ కాలమున లూథరు మతస్థులది. అచ్చట బాక్ సంగీతాధికారిగా నున్న దినములలో ఈ కాలపు ఆదివారములందు వాద్యసహితమైన కాంటాటాలు వినబడెడివి కావు. అన్ని వారములు నిశ్శబ్దముగా గడచిన పిదప, 1727 ఏప్రిల్ 11వ తేదీ గుడ్ ఫ్రైడే నాడు, సెయింట్ థామస్ దేవాలయమున ఆయన సెయింట్ మాథ్యూ పాషన్ వినిపించెనని నేటి పరిశోధకుల నిర్ణయము. ఆ రచనయొక్క గాంభీర్యమునకు ముందు గడచిన ఆ మౌనము కూడ ఒక భూమికయై యుండును.

వాద్యములు తగ్గినపుడు మిగులునది కంఠము. పాశ్చాత్య సంగీతమున వాద్యము లేని బృందగానమును అ కాపెల్లా అందురు. ప్రార్థనామందిరపు పద్ధతిలో అని ఆ యిటాలియను మాటకు అర్థము. వినువారికి ఇది మిక్కిలి నిరాడంబరముగా తోచును. పాడువారికి మాత్రము ఇది పరీక్ష. ఆర్గనో హార్మోనియమో వెనుక నున్నంత కాలము కప్పబడియున్న లోపములన్నియు ఈ దినములలో బయటపడును. శ్రుతి జారును. ఒకరి మాట ఒకరికంటె ముందు వచ్చును. శ్వాస చాలక వాక్యము మధ్యలో విరుగును. పండ్రెండుమంది గాయకులు గల చిన్న సంఘము గుడ్ ఫ్రైడే నాటి ఆరాధనకు ఎనిమిది గొంతుకల మహారచనను ఎంచుకొని, సగములో తడబడి ఆగిపోయినచో, ప్రార్థనకై వచ్చినవారి మనస్సు ప్రార్థనను విడిచి గాయకుల అవస్థపైకి మరలును. అట్లని భయపడి ఏమియు పాడకున్నచో, సంవత్సరమున మిక్కిలి గంభీరమైన దినమున సంఘమునకు నోరు లేకుండ పోవును. ఈ రెంటికి నడుమ నొక మార్గము కలదు. అది ప్రాచీనమైనది, సులభమైనది, అనుభవజ్ఞులు నిలిపినది. పాడువారికే కాక, రేడియో ముందు కూర్చుండి వినువారికి సహితము దాని మర్మము తెలిసియుండుట మేలు.

ఆ మార్గమునకు మొదటి మెట్టు దావీదు కీర్తనలను ఒక్క గొంతుతో చదివినట్లు పాడుట. బైబిలులోని 150 కీర్తనలలో పశ్చాత్తాపకీర్తనలని ఏడింటిని ప్రత్యేకముగా పేర్కొందురు. వానిలో 51వది ప్రధానము. లాటిను బైబిలు లెక్కలో ఇది 50వది. దీనినే మిసెరేరే అందురు. కీర్తనలను పాడుటకు రోమను సంప్రదాయమున ఎనిమిది వరుసలు స్థిరపడినవి. ప్రతి వరుసకును నిర్మాణ మొక్కటే. ఎత్తుగడలో రెండు మూడు స్వరములు. తరువాత ఒకే స్వరముపై పదములన్నియు చదువుట. పాదము సగమైనచోట చిన్న మలుపు, అచ్చట విరామము. మరల అదే స్వరముపై చదువుట. కడపట నొక ముగింపు.

ఈ ఎనిమిదింటిలో ఎనిమిదవ వరుసను మన సరిగమలలో చెప్పినచో ఎవరైనను వెంటనే పాడవచ్చును. దాని ముగింపు స్వరమును షడ్జముగా గ్రహింపుడు. ఎత్తుగడ స, రి, మ. చదువు స్వరము మధ్యమము. పాదములోని మాటలెన్ని యున్నను అన్నియు దానిపైననే. సగము వచ్చిన చోట మ, ప, మ. అచ్చట ఒక నిండు శ్వాసకు తగిన విరామము. మరల మధ్యమముపై చదువు. చివర మ, గ, మ, రి, స. రిషభము చతుశ్శ్రుతి, గాంధారము అంతరము, మధ్యమము శుద్ధము. ఎత్తుగడ మొదటి పాదమునకు మాత్రమే. తక్కిన పాదములు సూటిగా మధ్యమముపై ఆరంభమగును. మొత్తము మీద ఐదు స్వరములు. రిషభము తప్ప తక్కిన నాలుగును పిల్లలకు సరళీవరుసలలో మొదటి పాఠము నేర్పు నాటికే వచ్చు స్వరములు. ఇంతకంటె చిన్న సామగ్రితో ఇంత పెద్ద గ్రంథమును పాడు ఉపాయము మరియొకటి దొరకుట కష్టము. ఒక్క వరుస వచ్చినచో 150 కీర్తనలును వచ్చినట్లే.

అయితే సులభమైనది గదా యని తొందరపడిన చెడును. ఈ గానమున తాళము లేదు. మాటల నడకయే లయ. అందుచేత స్వరము నేర్పుటకు ముందు మాట నేర్పవలెను. బృందమంతయు కూడి కీర్తనను స్వరము లేకుండ, తొందర లేకుండ, అర్థము తెలియునట్లు పైకి చదువవలెను. ఎవరెచ్చట ఆగుచున్నారో, ఎవరు పదాంతమును మ్రింగుచున్నారో అపుడే తెలియును. అందరి చదువు ఒక్కటియైన పిదప ఆ చదువునే మధ్యమముపై నిలుపవలెను. ఆ తరువాత మలుపులు చేర్పవలెను. ఈ వరుస తప్పించి, ముందు స్వరము పట్టించి పిదప మాటలు తగిలించినచో, గానము మాటకు తొడిగిన చాలీచాలని చొక్కావలె నుండును.

తెలుగు మాటలను ఈ వరుసలలో పాడునపుడు మరియొక జాగ్రత్త కావలెను. లాటిను భాషలో పదమునందొక అక్షరము ఊనికతో పలుకబడును. వరుసలోని మలుపు ఆ యక్షరముపై పడునట్లు కూర్చియుందురు. తెలుగులో అట్టి ఊనిక ప్రధానము కాదు. మనకు హ్రస్వదీర్ఘముల తూకము ముఖ్యము. కావున ముగింపులోని ముఖ్యస్వరము, అనగా పైన చెప్పిన రిషభము, వీలైనంతవరకు గురువుపై పడునట్లు చూచుకొనవలెను. లఘువును సాగదీసినచో 'కల' అనునది 'కాల'యై అర్థము మారిపోవును. మరియొక భేదము పదాంతమున కలదు. తెలుగు అజంతభాష, వాక్యము చివర చాలవరకు అచ్చు వినిపించును. బృందమున అందరును ఆ యచ్చును ఒక్కసారి విడువవలెను. లాటిను పాడునపుడు మాత్రము చివర సకారమో మకారమో వచ్చును. పదిమంది పది క్షణములలో సకారమును పలికినచో పాము బుసకొట్టినట్లుండును. ఒక్కరు పలికి తక్కినవారు మాని వేసినను చాలునని కొందరు నాయకులు చెప్పుట ఇందుచేతనే.

రెండవ మెట్టు బృందమును రెండుగా విభజించి, ఒక పాదము వీరును ఒక పాదము వారును పాడుట. మఠములలో తరతరములుగా సాగుచున్న పద్ధతి యిది. హీబ్రూ కవిత్వమున ప్రతి పాదమును రెండు భాగములుగా నుండి, రెండవది మొదటిదానిని మరియొక విధముగా చెప్పుట పరిపాటి. కాబట్టి నడిమి విరామము అర్థమునకు సంబంధించినది. క్రొత్తవారు ఆ విరామమును చూచి భయపడి త్వరగా దాటివేయుదురు. పాదమునకును పాదమునకును నడుమ మాత్రము అనవసరముగా ఆగుదురు. జరుగవలసినది దీనికి విరుద్ధము. పాదము నడుమ నిండుగా ఆగవలెను; ఒక పక్షము పాదమును ముగించిన వెంటనే రెండవ పక్షము అందుకొనవలెను. ఈ యొక్క నియమము కుదిరినచో సగము పని ముగిసినట్లే. పాడని పక్షమువారు వినుట నేర్చుకొందురు. బృందగానమున పాడుటకంటె ముందు నేర్వవలసిన విద్య వినుటయే.

తెలియని వరుసను చూచి పాడుట ఎట్లు? ఈ ప్రశ్నకు సమాధానము వెదకినవారిలో అగ్రగణ్యుడు ఇటలీ దేశస్థుడగు గీడో అను సన్యాసి. ఈయన 11వ శతాబ్దమువాడు. అంతకు పూర్వము గాయకులు గురువు నోటనుండి ఒక్కొక్క పాటను విని వల్లించెడివారు. పదియేండ్లు శ్రమపడినను తెలియని పాటను స్వయముగా పాడలేకపోయెడివారని ఆయన వాపోయెను. గీతలపై స్వరములను నిలిపి వ్రాయు పద్ధతిని ఆయన స్థిరపరచెను. సెయింట్ జాన్‌పై గల ఒక స్తోత్రమున పాదపాదమును ఒక్కొక్క మెట్టు పైనుండి ఆరంభమగుట గమనించి, ఆ పాదముల తొలి యక్షరములనుండి ఉత్, రే, మీ, ఫా, సోల్, లా అను పేర్లను గ్రహించెను. తన పద్ధతిలో ఒక యేడాదికి, మిక్కిలి జాగు చేసినను రెండేండ్లకు, గాయకుడు తయారగునని ఆయన తన మిత్రుడు మైకేలునకు వ్రాసిన లేఖలో చెప్పెను. మధ్యయుగపు ఉపాధ్యాయులు ఎడమచేతి వ్రేళ్ల కణుపులపై ఈ స్వరములను గుర్తించి, కుడిచేతి వ్రేలితో చూపుచు నేర్పెడివారు. ఆ హస్తమునకు గీడో పేరే నిలిచినది. 19వ శతాబ్దమున ఇంగ్లండులో జాన్ కర్వెన్ అను ప్రబోధకుడు, నార్విచ్ పట్టణపు ఉపాధ్యాయురాలు శారా గ్లోవర్ ఏర్పరచిన పద్ధతిని విస్తరించి, టానిక్ సోల్ఫా అను పేర ప్రచారము చేసెను. ఐదు గీతల వ్రాత తెలియని శ్రామికులు సహితము దీనివలన బృందములలో పాడగలిగిరి.

మనకు ఈ పేర్లను అరువు తెచ్చుకొను అవసరము లేదు. సరిగమలు మన యింటివి. షడ్జమును ఏ శ్రుతికైనను మార్చుకొను అలవాటు కర్ణాటక సంగీతమున సహజముగనే కలదు. బృందనాయకుడు హార్మోనియముపై రెండు శ్రుతిని, పాశ్చాత్యులు డి అను స్వరమును, షడ్జముగా పెట్టుకొన్నచో పైన చెప్పిన వరుస స్త్రీలకును పురుషులకును తమ తమ స్థాయిలలో హాయిగా అందును. గొంతు నొప్పి పుట్టించు ఎత్తును, మాట వినబడని లోతును రెండును తప్పును.

ఇక శ్రుతి జారుట. వాద్యము లేని గానమున ఇది అందరికిని కలుగు బాధయే. ఒకే స్వరమును పలుమార్లు పలుకునపుడు అది సన్నసన్నగా క్రిందికి దిగును. అవరోహణమున దిగు అడుగు కావలసినదానికంటె పెద్దదగును; ఆరోహణమున ఎక్కు అడుగు చిన్నదగును. ఇట్లు పాదపాదమునకు కొంత కొంత తరిగి, కీర్తన ముగియునప్పటికి అర్ధస్వరమో అంతకంటె ఎక్కువయో జారియుండును. దీనికి మందు బిగ్గరగా పాడుట కాదు. బిగ్గరగా పాడినచో మరింత జారును. తలయెత్తి నిలిచి పాడుట, వాక్యమునకు సరిపడు శ్వాసను ముందే గ్రహించుట, ఎక్కునపుడు పెద్ద అడుగనియు దిగునపుడు చిన్న అడుగనియు తలచుట, మధ్యమముపై ప్రతి పదమును క్రొత్తగా ఎత్తుకొనినట్లు పలుకుట — ఇవి మందులు. అభ్యాసమునకు తంబుర మంచి సాయము. మధ్యమశ్రుతి చేసిన తంబురతో రెండు పాదములు పాడి, తంబురను ఆపి నాలుగు పాదములు పాడి, మరల మీటి చూచుకొనవలెను. ఎంత జారితిమో చెవికే తెలియును. నిందింప నక్కరలేదు, తమ తప్పును తమ చెవియే పట్టియిచ్చిన నాడు గాయకుడు దానిని తానే దిద్దుకొనును.

మూడవ మెట్టు నాలుగు గొంతుకల మేళనము. స్త్రీలలో పై గొంతు సొప్రానో, క్రింది గొంతు ఆల్టో. పురుషులలో పై గొంతు టెనర్, క్రింది గొంతు బాస్. నలుగురును వేర్వేరు స్వరములను ఒక్కసారి పలికి ఒక్క ధ్వనిగా వినిపించుట పాశ్చాత్య బృందగానపు విశేషము. దీనిని నేర్పుటకు మిక్కిలి సులభమైన రూపము 16వ శతాబ్దమున ఇటలీ, స్పెయిను దేశములలో వర్ధిల్లిన ఫాల్సొబొర్దోనె. పేరు కఠినముగా నున్నను విషయము తేలిక. పైన చెప్పిన కీర్తన వరుసయే. అయితే ఒక్క స్వరముపై చదువుటకు బదులు నాలుగు గొంతుకలును నాలుగు స్వరములపై నిలిచి ఒక్కమారుగా చదువుదురు. పాదము చివర మాత్రము కదలుదురు. ఒక్కొక్క గొంతుకకు కంఠస్థము చేయవలసిన స్వరములు వ్రేళ్లపై లెక్కింపదగినన్నియే. ఒక పాదము నాలుగు గొంతుకలతోను, తరువాతి పాదము ఏకకంఠముగను పాడినచో వినువారికి విసుగు పుట్టదు, పాడువారికి అలసట కలుగదు.

లోకప్రసిద్ధమైన అల్లేగ్రి మిసెరేరే ఈ జాతికి చెందినదే. గ్రెగోరియో అల్లేగ్రి 1652లో మరణించెను. రోమునగరపు సిస్టీన్ ప్రార్థనామందిరమున పవిత్రవారమునందు పాడుటకై ఆయన దీనిని రచించెను. ఐదు గొంతుకల బృందమొకటి, నాలుగు గొంతుకల బృందమొకటి వంతులవారీగా పాడును; వాని నడుమ పాదములు ఏకకంఠమున సాగును. చివర రెండు బృందములును కలియును. 1770 ఏప్రిల్ నెలలో పదునాలుగేండ్ల మోజార్టు దీనిని విని, బసకు పోయి జ్ఞాపకమునుండి వ్రాసెనని ఆయన తండ్రి యింటికి వ్రాసిన లేఖలో కలదు. మరుసటి యేడు, 1771లో, చార్లెస్ బర్నీ అను ఆంగ్ల విద్వాంసుడు దీనిని లండనులో అచ్చువేయించెను. నేడు మనము వినునపుడు బాలగాయకుని గొంతు ఆకసమునంటునట్లు పైకెగయు ఘట్టము అల్లేగ్రి వ్రాసినది కాదనియు, తరువాతి ప్రతులలో ప్రవేశించినదనియు పండితులు తేల్చినారు. ఆ యొక్క స్వరమును తీసివేసి చూడుడు: మిగులునది మాటలను నిలకడగా చదువు నాలుగైదు గొంతుకలు, నడుమ విరామములు. మోజార్టును ఆకర్షించిన రచనకు సైతము పునాది ఈ చదువే. చిన్న బృందము ఆ శిఖరస్వరమునకై ప్రాకులాడనవసరము లేదు; ఈ పునాది వారికిని అందుబాటులో నున్నది.

నాలుగు గొంతుకలకు అలవాటుపడిన బృందము ఎంచుకొనదగిన రచనలు మరికొన్ని కలవు. స్పెయిను దేశీయుడగు తోమాస్ లూయిస్ దె విక్తోరియా 1585లో రోమున ప్రకటించిన పవిత్రవార గానసంపుటమున గుడ్ ఫ్రైడే సిలువారాధనకు ఉద్దేశించిన పోపులే మేయుస్ అనునది కలదు. అందు నాలుగు గొంతుకలును దాదాపు ఒక్కమారే ఒకే యక్షరమును పలుకును. ఇంగ్లండువాడగు రిచర్డ్ ఫారంట్ 1580లో మరణించెను. ఆయన కూర్చిన రెండు చిన్న ప్రార్థనాగీతములు ఆంగ్లికను దేవాలయములలో నేటికిని ఈ కాలమున వినబడుచున్నవి. జర్మను కోరలుల మాట చెప్పనక్కరలేదు. సెయింట్ మాథ్యూ పాషన్‌లో రెండు బృందములు, రెండు వాద్యగోష్ఠులు ఉన్నను, వినువారి హృదయమున నిలుచునది మాటిమాటికి వచ్చు ఒక చిన్న వరుస. దానిని హాన్స్ లేయో హాస్లర్ 1601లో ఒక ప్రేమగీతమునకు కట్టెను. పిదప పౌల్ గెర్హార్ట్ క్రీస్తు శ్రమలపై వ్రాసిన స్తోత్రము దానితో జతపడెను. బాక్ ఆ వరుసను తన రచనలో ఐదుమారులు వేర్వేరు మేళనములతో వినిపించెను. ఒకే వరుసకు క్రింది గొంతుకలు మారినచో భావమెట్లు మారునో తెలిసికొనుటకు ఇంతకంటె మంచి పాఠము లేదు.

తెలుగు సంఘములకు మరియొక సంపద కూడ కలదు. పురుషోత్తమ చౌదరిగారు 1803లో జన్మించి 1890లో దివంగతులైరి. మన కీర్తనల ఫణితిలో రాగతాళములతో క్రైస్తవ కీర్తనలు రచించిన ఆద్యులలో వారు ప్రముఖులు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకము తెరచినచో పాటపై రాగము, తాళము పేర్కొనబడియుండును. క్రీస్తు శ్రమలపై కీర్తనలును అందు చేరినవి. ఇట్టి కీర్తనలకు బలవంతముగా నాలుగు గొంతుకల మేళనము తగిలింపరాదని నా అభిప్రాయము. గమకముతో ఊగు స్వరముపై మరియొక స్వరమును నిలువుగా పేర్చినచో గమకము నిలువదు, మేళనము నిలువదు. రాగమునకు శ్రుతి చాలును. ఏకకంఠముగా, తంబురశ్రుతిపై, విలంబముగా పాడిన శ్రమకాలపు కీర్తన ఏ దేశపు బృందగానమునకును తీసిపోదు. ఒక ఆరాధనలో కీర్తనవరుస యొకటి, రాగకీర్తన యొకటి, కోరలు ఒకటి ఉండవచ్చును. దేని ధర్మము దానిది.

ఇపుడు బృందనాయకుని చేతి సంగతి. బృందమును నడపుటయనగా చేతులు విసరుటయని చాలమంది తలంతురు. ఫ్రాన్సు రాజాస్థానమున లుల్లీ అను విద్వాంసుడు పొడవైన కఱ్ఱను నేలపై మోదుచు కాలప్రమాణము చూపుచు, 1687లో ఆ కఱ్ఱను తన కాలిపైననే మోదుకొని, ఆ పుండు కుళ్లి మరణించెను. శబ్దము చేయు నాయకత్వమునకు అదొక పరాకాష్ఠ. తపస్సుకాలపు గానమునకు అరచేతి కదలిక చాలును. ఫ్రాన్సులోని సొలెం మఠపు సన్యాసులు 19వ శతాబ్దమున ప్రాచీన ప్రతులను పరిశోధించి గ్రెగోరియను గానమును పునరుద్ధరించిరి. వారి పద్ధతిలో నాయకుని చేయి తాళమును కొట్టదు. వాక్యము ఎచ్చట లేచి ఎచ్చట విశ్రమించునో గాలిలో గీతగీసినట్లు చూపును.

నాయకుడు చేయవలసినవి నాలుగు. మొదటిది శ్రుతిని అందించుట: షడ్జమును, ఆరంభస్వరమును మెల్లగా, స్పష్టముగా, ఒక్కమారు వినిపింపవలెను. రెండవది శ్వాస: బృందము ఏ వేగముతో పాడవలెనో ఆ వేగముతో నాయకుడు తాను శ్వాస గ్రహింపవలెను. అందరి దృష్టియు ఆయనపై నుండుటచే వారును అట్లే గ్రహింతురు. ఆరంభము చెడుటకు తరచుగా కారణము చేతిలో లేదు. నాయకుడు ఊపిరి బిగబట్టుటలో నున్నది. మూడవది పెదవులు: మాటలను తాను నిశ్శబ్దముగా పలుకుచుండవలెను. పైకి పాడినచో ఇతరులను వినలేడు. నాలుగవది ముగింపు: చివరి యక్షరమును ఎపుడు విడువవలెనో వ్రేళ్లు మూసి చూపవలెను. ఆ చేతిని వెంటనే దింపరాదు. గానము ముగిసిన పిదప కొన్ని క్షణముల నిశ్శబ్దము కూడ గానములోనిదే. పుస్తకములు మూయు చప్పుడు ఆ క్షణములను పాడుచేయకుండ ఆ చేయి కాపాడును.

అభ్యాసమునకు కాలనిర్ణయము కూడ ముఖ్యము. భస్మబుధవారమునకు కనీసము మూడు వారములు ముందుగా ఆరంభింపవలెను. వారమునకొక గంట చాలును. ఆ మూడు వారములలో ఒక్క కీర్తనవరుస, ఒక్క చిన్న పల్లవి కుదిరినచో మొదటి ఆదివారములకు అంతియే చాలు. పార్చే దోమినే వంటి పల్లవులు సంఘమంతయు రెండుమారులు విని మూడవమారు కలిసి పాడదగినవి. నాలుగవ ఆదివారమునకు మేళనమును ప్రవేశపెట్టవచ్చును. నాలుగు గొంతుకలను నేర్పునపుడు బాస్ గొంతుకను ముందు స్థిరపరచి, దానిపై సొప్రానోను నిలిపి, పిదప లోపలి రెండింటిని చేర్చుట మేలు. ప్రతి గొంతుకవారును తక్కిన గొంతుకలు పాడునపుడు తమ భాగమును మనస్సులో పాడుకొనుచుండవలెను. లేనిచో వేచియుండు సమయము కబుర్లకు దారితీయును. గుడ్ ఫ్రైడేకు ముందటి వారము క్రొత్తది ఏదియు నేర్పరాదు. వచ్చినదానిని దేవాలయములోనే, నిలువవలసిన చోటనే నిలిచి, వాద్యము లేకుండ రెండుమారులు పాడి చూచుకొనవలెను. రాతిగోడలు గల మందిరమున ధ్వని మారుమ్రోగును. అచ్చట మరికొంత నిదానము కావలెను. పెంకుటింటి మందిరమున ధ్వని త్వరగా ఆరిపోవును. అచ్చట విరామములు కొంత తగ్గింపవలెను.

వినువారి కొక్క మాట. బ్రిటిషు రేడియో 1926 అక్టోబరు 7వ తేదీన వెస్ట్‌మినిస్టర్ ఆబీనుండి సాయంకాల బృందప్రార్థనను తొలిసారి ప్రసారము చేసినది. ఆ ప్రసారము నేటికిని సాగుచున్నది. 1963లో కేంబ్రిడ్జిలోని కింగ్స్ కళాశాల బృందము డేవిడ్ విల్‌కాక్స్ నాయకత్వమున అల్లేగ్రి మిసెరేరేను ఇంగ్లీషు మాటలతో రికార్డు చేసినది. అది నేటికిని వినబడుచున్నది. ఇట్టి గానము రేడియోలో వచ్చునపుడు ఎత్తుస్వరముకొరకు మాత్రమే ఎదురుచూడక, పాదము నడిమి విరామమును వినుడు. అంతమంది ఒక్కసారి ఆగి, ఒక్కసారి ఊపిరి తీసికొని, ఒక్కసారి మరల ఆరంభించుట వినుడు. ఆ మూడు పనులు మీ యూరి చిన్న బృందమును చేయగలదు.

సంగీతమున ఆడంబరము తగ్గించుట వలన కలుగు లాభమేమని ఎవరైన నడుగవచ్చును. మాట వినబడుట మొదటి లాభము. పశ్చాత్తాపమును తెలుపు కీర్తన పాడునపుడు అందలి మాట సంఘమునకు చేరకున్నచో ఆ పాట ఎంత మధురమైనను ప్రయోజనము తక్కువ. అందరును పాడగలుగుట రెండవ లాభము. ఐదు స్వరముల వరుసను వృద్ధురాలును పాడగలదు, బడిపిల్లవాడును పాడగలడు. భస్మబుధవారము నాడు గాయకబృందము మాత్రమే పాడిన కీర్తనను గుడ్ ఫ్రైడే నాటికి వెనుక బల్లలవారు సహితము అందుకొన్నచో, నాయకుని శ్రమ ఫలించినదని గ్రహింపవచ్చును.